సదరు షాఫ్టు సంజాయిషీ

మేస్త్రీకి అరటి గెలలంటే ప్రాణం. మేస్త్రీ అంటే మనిషి కాదు, ఏనుగు. ఒంటరి మగ ఏనుగు. దారిలో ఎవరి కాంపౌండు గోడ కనబడినా ముందు భుజంతో ఒకసారి ఆనుకుని చూస్తాడు. సిమెంటు పాలు తగ్గిన గోడ అయితే సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది. ఏ కాంట్రాక్టరు ఎంత ఇసక కలిపాడో ఆయనంత నిక్కచ్చిగా చెప్పిన ఇంజనీరు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంతవరకూ పుట్టలేదు గనక ఆ పేరు స్థిరపడిపోయింది.

ఈ మేస్త్రీ కొండ దిగి వచ్చే దారికి సరిగ్గా అడ్డంగా తాయమ్మ అరటితోట ఉంది. ఎకరం తోట. గెలలు ముదిరి ఇంకో నెలలో కోతకి రాబోతున్నాయి. మొగుడు పోయాక తాయమ్మ ఒంటి చేత్తో పెంచిన తోట అది. కిందటేడు మేస్త్రీ ఒక్క పూటలో సగం తోట మేసిపోతే, ఆవిడ గట్టు మీద కూలబడి ఏడ్చిన ఏడుపుకి ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. ఈసారి ఆవిడ ధైర్యమంతా అల్లుడు చెంగల్రాయుడి మీద ఉంది. అల్లుడి ధైర్యమంతా కప్పబండి మీద ఉంది.

కప్పబండి అంటే గుడ్లవంక అటవీ రేంజి ఆఫీసులో ఉన్న నాలుగు లావు చక్రాల కొండబండి. మోటారు సైకిలులాగా హ్యాండిలు పట్టుకుని నడపాలి. రాళ్ళ మీదా వంకల్లోనూ గెంతుకుంటూ పోతుంది గనక ఊళ్ళోవాళ్ళు దానికి పెట్టిన పేరు అది. ఏనుగులకీ మనుషులకీ మధ్య తగాదాలు తీర్చడానికి వెలసిన మానవ మృగ సఖ్యతా సంస్థ వారు, జీపు ఎక్కలేని గుట్టల్లోకి వెళ్ళి సైరను మోగించి ఏనుగుల్ని అడవిలోకి మళ్ళించడానికి దాన్ని కొన్నారు. నడిపేది చెంగల్రాయుడు. తొమ్మిదేళ్ళుగా ఔట్‌సోర్సింగు డ్రైవరు. అంటే పని సంస్థది, మనిషి మాత్రం ఎవరికీ చెందడు.

ఈ బండికి చెయిను ఉండదు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకి మోసుకుపోయేది గిరగిరా తిరిగే ఒక ఇనప కడ్డీ. దాన్ని షాఫ్టు అంటారు. ఆ షాఫ్టు కొసన మడత తిరిగే కీలు ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని క్రాసు అంటారు. ఒకరోజు చెంగల్రాయుడు గేరు వెయ్యగానే సీటు కిందనుంచి 'టక్' అని వినబడింది. మర్నాడు 'టక్ టక్' అంది. ఆ తర్వాత వేగం పెంచితే చాలు, సీటుతో పాటు ఆయన దవడలు కూడా వణకడం మొదలెట్టాయి. బండి ఆపి, కిందికి దూరి, షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పిల్లల పాలపన్నులాగా ఊగింది. ఇది కనుక్కోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఆఫీసులో టీ పోసే ఆవిడ కూడా శబ్దం విని "షాఫ్టేమో చూడన్నా" అంది.

చెంగల్రాయుడు రేంజి ఆఫీసరు దామోదరం గదిలోకి వెళ్ళాడు. "సార్, కప్పబండికి షాఫ్టు క్రాసు పోయినట్టుండాది. పలమనేరులో దొరకతాది. అరపూట పని" అన్నాడు.

దామోదరం దిగ్గున లేచి తలుపు మూశాడు. మంచివాడే. భయస్తుడు.

"మెల్లిగా మాట్లాడబ్బా! పోయింది అని నువ్వెట్ల అంటావు? అది నిందారోపణ అవుతాది. కొత్త సర్క్యులరు చూడలేదా?"

ఎక్కడో ఒక జిల్లాలో ఎవరో మెకానిక్కు ప్లగ్గు పాడైతే ఇంజను మొత్తం మార్చేశాడట. దాని మీద సంస్థ పెద్దలు చల్లటి హోటల్లో సదస్సు పెట్టుకున్నారు. వచ్చిన వక్త సహజ న్యాయం మీద అనర్గళంగా మాట్లాడి, వాదన వినకుండా శిక్షించడం ఎంత అనాగరికమో చెప్పేసరికి, మధ్యాహ్నం బిర్యానీ తిన్నవాళ్ళందరికీ కళ్ళు చెమర్చాయి. ఆ కన్నీళ్ళలోంచి పుట్టిందే న్యాయబద్ధ మరమ్మతు విధానం. దామోదరం సర్క్యులరు తీసి, మంత్రపుష్పం చదివినట్టు చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సంస్థకు చెందిన ఏ వాహనమునందలి ఏ విడిభాగమునైనను, దాని వాదన వినకుండా చెడిపోయినదిగా ప్రకటించుట సహజ న్యాయసూత్రములకు విరుద్ధము. సదరు విడిభాగమునకు నోటీసు ఇచ్చి, సంజాయిషీ కోరి, విచారణ జరిపి, దోషము రుజువైన పిమ్మట మాత్రమే విప్పవలెను."

"విప్పకుండా చెడిందో లేదో ఎట్ల తెలస్తాది సార్?"

"దానికే గదా విచారణ."

"ఈ లోపల మేస్త్రీ దిగితే?"

"దిగకుండా ఉండాలని నేనూ దేవుడికి మొక్కుకుంటా వుండా."

మర్నాడు షాఫ్టుకి నోటీసు ఇచ్చారు. బురద అంటకుండా పాలిథీన్ కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండుతో దానికే కట్టారు. 'విధి నిర్వహణలో అనుచిత శబ్దములు చేయుచు, సహ విడిభాగముల ప్రశాంతతకు భంగము కలిగించితివి గనుక, నీపై ఏల చర్య తీసుకొనరాదో పదిహేను దినములలోగా వ్రాతపూర్వకముగా తెలుపుము' అని అందులో ఉంది. నోటీసు ముట్టినట్టు సాక్షి సంతకం చెంగల్రాయుడి చేత పెట్టించారు.

సంతకం పెడుతుంటే ఆయనకి నాగయ్య గుర్తొచ్చాడు. నాగయ్య ఆయనకి ముందు డ్రైవరు. ఆయన్ని పన్లోంచి తీసేసినప్పుడు నోటీసూ లేదు, గడువూ లేదు. సగం ఫోను కాల్ సరిపోయింది. మిగతా సగం మాట్లాడేలోగా సిగ్నలు పోయింది. ఇనప కడ్డీకి ఉన్న భాగ్యం మనిషికి లేదే అనుకున్నాడు చెంగల్రాయుడు.

సాయంత్రం తోటకి వెళ్ళి అత్తకి సంగతి చెప్పాడు. తాయమ్మ గెలలకి గోనెపట్టాలు చుడుతూ విని, చెయ్యి ఆపేసింది.

"షాఫ్టుకి నోటీసా? దానికి సదువొచ్చునా అల్లుడా?"

"రాదత్తా."

"మరి సంజాయిషీ ఎవురు రాస్తారు?"

"అదే తెలీడంలా."

"నీ ఆఫీసు నాశనమైపోను! కిందటేడు నా తోట తిన్నప్పుడు ఆ ఏనుగు నాకేం నోటీసిచ్చింది? చూడు నాయినా, ఈ గెలలు పోతే నేను మళ్ళా మొక్క నాటలేను. నా నడుము గానీ నా మనసు గానీ దానికి ఒప్పుకోదు. తోట నీ చేతిలో ఉండాది, అంతే."

ఆవిడ అల్లుణ్ణి ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

గడువు ముగిసింది. షాఫ్టు సంజాయిషీ ఇవ్వలేదు. ధిక్కార ధోరణి ప్రదర్శించినందుకు పైనుంచి సస్పెన్షను ఉత్తర్వు వచ్చింది. బండిని ఆఫీసు వరండాలోకి తోయించారు. సస్పెన్షనులో ఉన్నవాళ్ళకి సగం జీతం జీవనభృతిగా ఇవ్వాలని నిబంధన. కాబట్టి ఆ రోజు నుంచి షాఫ్టుకి సగం గ్రీజు పెట్టమన్నారు. సస్పెన్షనులో ఉన్నవాళ్ళు హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళకూడదు కూడా. కాబట్టి బండి వరండా దాటడానికి వీల్లేదు.

ఆ వారంలోనే మేస్త్రీ ఆ ఏటికి మొదటిసారి దిగాడు. బడి ప్రహరీని ఆనుకుని చూశాడు. అది తాగినవాడిలా పక్కకి ఒరిగింది. మర్నాడు వంక దాటి తాయమ్మ తోటకి కూతవేటు దూరంలో చింతచెట్టుకి వీపు గోక్కుని వెళ్ళాడు. ఊరివాళ్ళు డబ్బాలు కొట్టారు, కేకలేశారు. మేస్త్రీ కాసేపు శ్రద్ధగా విని, తనకి తోచినప్పుడు వెళ్ళాడు.

విచారణాధికారి త్రివిక్రమరావు గారు జిల్లా కేంద్రం నుంచి వచ్చారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయన సొంత కారుకి చిన్న కిచకిచ వినబడితే అదే పూట మెకానిక్కుని ఇంటికి పిలిపిస్తారని ఆయన డ్రైవరే చెప్పాడు. కానీ అది సొంత కారు. వరండాలో బల్ల వేశారు, బల్లకి ఆకుపచ్చ గుడ్డ వేశారు. ఎదురుగా కప్పబండి. ముద్దాయి తరఫున మాట్లాడేవాడు ఒకడుండాలి గనక, దానితో పాటు పనిచేసేవాడని చెంగల్రాయుణ్ణి నియమించారు.

త్రివిక్రమరావు గారు అభియోగం చదివి, కళ్ళజోడు మీంచి షాఫ్టు వైపు చూశారు. "నీవు ఈ అభియోగమును అంగీకరించుచున్నావా?"

షాఫ్టు పలకలేదు.

"ముద్దాయి మౌనము వహించెను" అని రాయించి, "మౌనము అంగీకారమా, నిరాకరణమా అన్నది ప్రత్యేకముగా పరిశీలింపదగిన అంశము" అన్నారు.

"సార్, ఇంజను స్టార్టు చేస్తే అదే పలకతాది" అన్నాడు చెంగల్రాయుడు. అనుమతి దొరికింది. బండిని ఉన్నచోటే ఒక జానెడు ముందుకీ ఒక జానెడు వెనక్కీ కదిలించాడు. సగం గ్రీజుతో మాడిన క్రాసు 'టకటకటక్' మని వరండా అదరగొట్టింది.

త్రివిక్రమరావు గారు చెయ్యెత్తి ఆపారు. "సదరు షాఫ్టు తన వాదనను సుదీర్ఘముగా వినిపించెను. అయితే ఆ భాష విచారణాధికారికి బోధపడనందున, తగిన అనువాదకుని నియమించవలసి యున్నది. రాసుకోండి."

చెంగల్రాయుడికి చిర్రెత్తుకొచ్చింది. "సార్, ఒక్క నిమిషం. జాకీ పెట్టి వెనక చక్రాలు పైకి లేపుదాం. షాఫ్టు చేత్తో పట్టి మెలితిప్పితే అది ఆడేది మీ కళ్ళతోనే కనబడతాది. అంతే సార్ పరీక్ష."

త్రివిక్రమరావు గారి ముఖం కందిపోయింది.

"పైకి వేలాడదీసి, చేతులతో మెలితిప్పి, నిజం చెప్పిస్తారా? విచారణలో ఉన్న ఉద్యోగి మీద చెయ్యి వేయడమా? ఇది ఏ కాలం అనుకుంటున్నావయ్యా? బలప్రయోగంతో రాబట్టిన సాక్ష్యం ఎక్కడా చెల్లదు. పైగా నువ్వు ముద్దాయి తరఫు మనిషివి!"

"తప్పయిపాయె సార్" అన్నాడు చెంగల్రాయుడు.

"పోనీ వెనక చక్రాన్ని సాక్షిగా పిలుద్దామా సార్?" అన్నాడు దామోదరం, పని తొందరగా తెమలాలని.

"అదే బండిలో పనిచేసే సహచరుడు. పక్షపాతమునకు అవకాశము కలదు." అనువాదకుడు దొరికేదాకా విచారణ వాయిదా వేసి, త్రివిక్రమరావు గారు మధ్యాహ్న భోజనానికి లేచారు. ఆయన ఆకులో వడ్డించిన అరటిపళ్ళు తాయమ్మ తోటలో ముందుగా పండిన గెలవే. బాగున్నాయని ఇంకో రెండు అడిగి తిన్నారు.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా చెంగల్రాయుడి ఫోను మోగింది. తాయమ్మ. ఏడుపులో మాట సరిగ్గా రావడం లేదు.

"వచ్చేసినాడు నాయినా. కంచె కాడ నిలబడి ఉండాడు. తొండం లోపలికి పెట్టేసినాడు. నేను గట్టు మీదే ఉండా, కదల్ను. తొక్కితే నన్ను తొక్కి పోనీ."

చెంగల్రాయుడు వరండా వైపు చూశాడు. గోడకి సస్పెన్షను ఉత్తర్వు వేలాడుతోంది. తాళంచెవి దామోదరం బల్ల మీద ఉంది. దామోదరం తాళంచెవినీ ఆయన ముఖాన్నీ చూసి, కుర్చీ తిప్పుకుని గోడకున్న క్యాలెండరును మహా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. చెంగల్రాయుడు తాళంచెవి అందుకుని బయటపడ్డాడు.

గేటు దాటగానే సైరను మీట నొక్కాడు. అది పలకలేదు. వరండాలో ఊరికే పడి ఉన్నన్నాళ్ళూ దాని వైర్లు ఎలుకలు కొరికేశాయి. 'సచ్చినాం రా దేవుడా' అనుకుంటూనే యాక్సిలరేటరు తిప్పాడు. తోట దారి ఎత్తు ఎక్కుతుంటే కప్పబండి అదురుకి ఒళ్ళంతా చెయ్యి తిరిగిన కమ్మరి సమ్మెట దెబ్బలు తింటున్నట్టుంది. టకటక, ధనధన, కీచుమని ఒక అరుపు, మళ్ళీ టకటక. రేకుల షెడ్డు మీద కంకర లారీ దించుతున్నట్టు గుట్టలు ప్రతిధ్వనించాయి. కోళ్ళు ఇళ్ళలో దూరాయి. అరుగు మీద పడుకున్న ముసలాయన ఒకడు లేచి పంచె సర్దుకుని పరుగెత్తాడు.

మేస్త్రీ అప్పటికి కంచె లోపలికి ఒక కాలు పెట్టి, మొదటి గెలని తొండంతో నిమురుతున్నాడు. ఆ మోత చెవిన పడగానే ఆగాడు. డబ్బాలు విన్నాడు, టపాకాయలు విన్నాడు, వాటికి జంకలేదు. కానీ ఇదేమిటో ఆయనకి అంతు చిక్కలేదు. తనకంటే పెద్ద జంతువేదో పళ్ళు కొరుకుతూ వస్తోందనుకున్నాడో ఏమో, చెవులు రెండూ విప్పి, తోక పైకెత్తి, వచ్చిన దారినే వంక దాటి కొండెక్కేశాడు. ఆ గెల ఊగుతూ చెట్టుకే ఉండిపోయింది.

తాయమ్మ గట్టు దిగొచ్చి బండిని ముట్టుకుని, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. తర్వాత అల్లుడి తల నిమిరింది. చెంగల్రాయుడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఆవిడ మర్నాడు తెల్లవారగానే కూలీల్ని పెట్టి గెలలన్నీ కోయించడం మొదలుపెట్టింది. త్రివిక్రమరావు గారు కూడా ఆ ఉదయమే హుటాహుటిన మళ్ళీ వచ్చారు. జరిగింది విని ఉత్తర్వు చెప్పి రాయించారు.

"సదరు షాఫ్టు చేయు శబ్దము దోషము కాదనియు, ఏనుగులను తరుముటకు మిక్కిలి ఉపయుక్తమగు అదనపు సామర్థ్యమనియు ప్రత్యక్ష సాక్ష్యముతో రుజువైనది. కావున సదరు షాఫ్టును నిర్దోషిగా ప్రకటించి, సగౌరవముగా విధులలోకి తీసుకొనుచు, ప్రశంసాపత్రము మంజూరు చేయడమైనది. మిగతా రేంజిలలోని వాహనముల షాఫ్టులు ఇట్టి సామర్థ్యమును అలవరచుకొనుటకు వీలుగా, వానికి గ్రీజు పెట్టుట తక్షణము నిలిపివేయవలెను."

ప్రశంసాపత్రాన్ని కూడా పాలిథీన్ కవర్లోనే కట్టారు. రబ్బరు బ్యాండు పాతదే పనికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, చెంగల్రాయుడు కూడా కొట్టాడు. క్రాసు పోలేదంటే పోలేదు, తనకెందుకు, తోట దక్కింది.

చప్పట్లు ఆగాక త్రివిక్రమరావు గారు ఆయన వైపు తిరిగారు. "సస్పెన్షనులో ఉన్న షాఫ్టుని హెడ్‌క్వార్టర్సు దాటించింది నువ్వే కదా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

చెంగల్రాయుడు సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు. "నోటీసేదీ సార్?"

"నీకు నోటీసెందుకు?"

"షాఫ్టుకి ఇచ్చినారు గదా సార్. పదిహేను దినాలు గడువిచ్చినారు. దాని తరఫున మాట్లాడేదానికి నన్ను పెట్టినారు. నా తరఫున ఎవురూ లేరా?"

త్రివిక్రమరావు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. ఎంతో ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "అది సంస్థ శాశ్వత ఆస్తి, బాబూ. నువ్వు ఔట్‌సోర్సింగు."

దామోదరం మళ్ళీ క్యాలెండరు చదువుకున్నాడు. చెంగల్రాయుడు తాళంచెవి బల్ల మీద పెట్టి, తొమ్మిదేళ్ళుగా వేసుకున్న ఖాకీ చొక్కా అక్కడే విప్పి, బనీనుతో తోటకి నడిచాడు. సంగతి విని తాయమ్మ ఆయన చేతికి కొడవలి ఇచ్చింది. ఇద్దరూ కూలీల్లో కలిసి గెలలు కోయసాగారు.

సాయంత్రానికి సగం తోట కోత అయ్యింది. అప్పుడు ఫోను మోగింది. దామోదరం, గుసగుసగా.

"చెంగల్రాయుడూ, నక్కలగుట్ట కాడ ఉండామబ్బా. సారు షాఫ్టు పనితనం కళ్ళారా చూస్తానంటే నేనే బండి నడిపినా. ఎత్తు మీద ఫట్మని ఇరిగింది. కడ్డీ కింద నేలకి తగిలి ఉండాది, బండి కదల్లేదు. శబ్దం కూడా లేదు. మేస్త్రీ అల్లంత దూరంలో నిలబడి మమ్మల్నే చూస్తా వుండాడు. ఏం చేసేదో చెప్పు."

ఫోను చేతులు మారింది. త్రివిక్రమరావు గారి గొంతులో గ్రాంథికం ఒక్క అక్షరం మిగల్లేదు. "చెంగల్రాయుడూ, షాఫ్టు పోయిందయ్యా! నువ్వు తొందరగా రా నాయనా!"

చెంగల్రాయుడు కోసిన గెలని కింద దించి, చెమట తుడుచుకున్నాడు.

"పోయింది అని మీరెట్ల అంటారు సార్? నిందారోపణ అవుతాది. నిన్ననే ప్రశంసాపత్రం తీసుకున్న షాఫ్టు. ముందు నోటీసియ్యండి. సంజాయిషీ రానీండి. అందాకా మేస్త్రీని రవంత వాయిదా ఎయ్యమని అడగండి."

"నిన్న కాదు, ఈ పొద్దుటే!" అని అలవాటు కొద్దీ సవరించారు త్రివిక్రమరావు గారు. ఆ వెంటనే ఫోనులో పెద్ద ఘీంకారం వినబడింది. సిగ్నలు పోయింది.

"ఎవురు నాయినా?" అంది తాయమ్మ.

చెప్పాడు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నక్కలగుట్ట వైపు చూసింది. "దామోదరం పిల్లలు చిన్నోళ్ళు. పో, పోయి డప్పు కొట్టి దింపుకురా. ఆ రెండో ఆయప్ప మన పండ్లు తిన్నాడు, ఆయన్ని కూడా దింపు." అని గుడిసెలోంచి డప్పు తెచ్చిచ్చింది.

చెంగల్రాయుడు డప్పు భుజాన వేసుకున్నాడు. రెండు అరటిపళ్ళు తిన్నాడు. నీళ్ళు తాగాడు. ఊళ్ళో నలుగుర్ని కేకేసి, నక్కలగుట్ట దారి పట్టాడు. నడిచే వెళ్ళాడు. తొందరగా వెళ్ళడానికి ఆయనకిప్పుడు బండి లేదు.